అరిష్టపు కుండలో బెల్లం ఏమవుతుంది?

వైద్యుడు తాను ఇచ్చే ఔషధాన్ని గురించి తనకు తెలిసినంత మాత్రమే చెప్పాలి. తెలియని దానిని తెలిసినట్లు చెబితే ఆ మాటే రోగికి అపథ్యమవుతుంది. నలభై సంవత్సరాల వైద్యవృత్తి తరువాత, అదీ తోడబుట్టిన అక్క విషయంలో, ఈ సత్యం నాకు అవగతమైంది. నా పొరపాటును పాఠకుల ముందుంచడం వలన మరొకరి ఇంట అది జరగకుండా ఉంటుందన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నాది ఆళ్ళగడ్డ. అహోబిల యాత్రికులకు దారిలో తగిలే ఊరు, రాతి శిల్పానికి పేరు పొందిన ఊరు. మా నాయన పరంపరాగత వైద్యులు. మా అక్క మెట్టినిల్లు నంద్యాల. మా ఊరికి సుమారు 40 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆ మరుసటి సంవత్సరం వేసవిలో అక్క మోకాళ్ల నొప్పులతో, నడుము నొప్పితో బాధపడుతూ నాకు కబురు చేసింది. ఆమె పన్నెండేళ్లుగా మధుమేహ రోగి. నేను స్వయంగా సంధానం చేసిన దశమూలారిష్టం రెండు సీసాలు తీసుకొని వెళ్లాను.

"దీంట్లో బెల్లం వేస్తారు కదరా? నాకు పనికొస్తుందా?" అని అక్క అడిగింది.

"కుండలో ఈస్టు ఉంటుందక్కా. బెల్లమంతా అదే తినేస్తుంది. మిగిలేది మందే" అన్నాను.

ఆ మాట మీద నమ్మకంతో ఆమె నేను చెప్పిన మోతాదుకు రెట్టింపు, పూటకు 60 మిల్లీలీటర్ల చొప్పున, రెండు పూటలా సేవించింది. నోటికి రుచిగా ఉన్నది, నొప్పి కొంత తగ్గినట్లున్నది, చక్కెర లేదని తమ్ముడే చెప్పాడు. ఇక సందేహమెందుకు? మూడు నెలల తరువాత చేయించిన రక్తపరీక్షలో చక్కెర బాగా పెరిగింది. నంద్యాలలో ఆమెను చూసే డాక్టరుగారు "మీరు కొత్తగా ఏమి తీసుకుంటున్నారమ్మా?" అని ప్రశ్నించారట. అక్క నాకు ఫోను చేసి ఒకే మాట అన్నది: "చక్కెర లేదంటివి కదరా?"

మరునాడే నంద్యాల వెళ్లాను. డాక్టరుగారు సీసాలోని అరిష్టాన్ని చెంచాతో రుచి చూసి, "వైద్యులుగారూ, ఇది తియ్యగా ఉన్నది కదా! బెల్లమంతా పోతే ఈ తీపి ఎక్కడిది?" అని సౌమ్యంగానే అడిగారు. నలభై ఏళ్లుగా ప్రతి కుండనూ రుచి చూసిన నాలుక నాది. ఆ తీపి నాకు తెలియనిది కాదు. దానికి అర్థమేమిటని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

నాయన నేర్పిన పాఠం

ఆసవారిష్టాలు ఆయుర్వేదంలో అతి ప్రాచీన కల్పనలు. చరకసంహిత సూత్రస్థానం ధాన్యాలు, ఫలాలు, మూలాలు, పుష్పాలు మొదలైన వాటి నుండి తయారయ్యే 84 ఆసవాలను పేర్కొన్నది. శార్ఙ్గధర సంహిత వాటికి సాధారణ కొలత నిర్దేశించింది. ప్రత్యేకించి చెప్పనిచోట ఒక ద్రోణం ద్రవానికి ఒక తులం, అంటే నూరు పలాల బెల్లం. బెల్లంలో సగం తేనె. పదవ వంతు ప్రక్షేప చూర్ణాలు. ఇక్కడి తులం బంగారం తూచే తులం కాదు. నేటి లెక్కలో సుమారు 4.8 కిలోలు.

మా నాయన కషాయాన్ని పూర్తిగా చల్లార్చి, బెల్లం కరిగించి వడగట్టి, నేయి పూసిన కుండలో పోసి, ధాతకీ పుష్పాలు కలిపేవారు. మూతకు గుడ్డ, మట్టి చుట్టి, కుందూ ఆయకట్టు వడ్ల రాశిలో ఉంచేవారు. సంధానం సాగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి కుండకు చెవి ఆనించేవారు. లోపల బుసబుసమనే శబ్దం ఉంటే పని జరుగుతున్నట్లు. మూతి దగ్గర వెలిగించిన పుల్ల ఆరిపోతే బొగ్గుపులుసు వాయువు ఇంకా వస్తున్నట్లు. శబ్దమాగి, పుల్ల ఆరకుండా వెలిగి, పైన తేలిన కల్కం అడుగుకు దిగితే సిద్ధమైనట్లు.

నాకు పండ్రెండేళ్ల వయసులో ఒకమారు నాయన ఊరికి వెళుతూ కుండను నాకు అప్పగించారు. నాలుగవ రోజు వరకు శబ్దం లేదు. బెల్లం చాలలేదేమోనని మూత తీసి మరి రెండు అచ్చులు వేశాను. కుండ ఇంకా మౌనం వహించింది. పది రోజులకు నాయన వచ్చి వాసన చూస్తే పుల్లని వాసన! ఆయన నన్ను కొట్టలేదు. "ఆకలి పుట్టకముందే అన్నం పెడితే మనిషికి ఏమవుతుందిరా? అజీర్ణం. దానికీ అంతే" అన్నారు. ఈస్టు అనే పేరు మా నాయనకు తెలియదు. కాని ఆ మాటలోని సత్యం ఎంతటిదో ఈ వయసులో పుస్తకాలు చదివితే గాని నాకు తెలియలేదు.

ఈస్టు అంటే ఏమిటి?

ఈస్టు ఏకకణ శిలీంధ్రం. కంటికి కనిపించదు. పూల మకరందం మీద, పండ్ల తొక్కల మీద, వాడిన కుండల గోడలలో నివసిస్తుంది. మనం కలిపే ధాతకీ పుష్పాలతోనూ ఇది కుండలో ప్రవేశిస్తుంది. మద్యసంధానం జీవకణాల కార్యమని 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ నిరూపించాడు. కణాన్ని నలిపి తీసిన రసం కూడా చక్కెరను మద్యంగా మార్చగలదని 1897లో జర్మనీ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ కనుగొని, 1907లో నోబెల్ బహుమతి పొందాడు. కణంలోని ఎంజైములే ఆ పని చేస్తాయని దానితో తేలింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. "చక్కెర" అన్నది ఒకే పదార్థం కాదు. బెల్లంలో ప్రధానంగా ఉండేది సుక్రోజు. అది గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరల జంట. తేనెలోను, ద్రాక్షలోను ఆ రెండూ విడివిడిగానే ఉంటాయి. పిండి పదార్థాలు విరిగితే మాల్టోజు వస్తుంది. పాలచక్కెర విరిగితే గ్లూకోజుతో పాటు గాలక్టోజు వస్తుంది. ఒక్కొక్క చక్కెరను జీర్ణించుకోవడానికి ఈస్టుకు వేర్వేరు సాధనాలు కావాలి. అన్నింటినీ ఎల్లవేళలా సిద్ధంగా ఉంచుకుంటే దాని శక్తి అంతా వాటి తయారీకే వ్యయమవుతుంది. కాబట్టి దొరికిన ఆహారాన్ని బట్టి సాధనాలను సమకూర్చుకోవడమే దాని జీవనవిధానం.

ఈస్టుకూ సాత్మ్యం ఉన్నది

ఈ విషయాన్ని తొలుత స్పష్టంగా పరిశీలించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెడెరిక్ డీనెర్. గ్లూకోజులో పెరిగిన ఈస్టును గాలక్టోజులో వేస్తే అది వెంటనే సంధానం ప్రారంభించదని, కొంత వ్యవధి తరువాత ఆ చక్కెరకు అలవాటు పడుతుందని, తిరిగి గ్లూకోజులో పెంచితే ఆ అలవాటును కోల్పోతుందని 1900లో ప్రకటించాడు. దీనికి ఆయన తన భాషలో వాడిన మాటకు అర్థం "అలవాటు పడటం". మన శాస్త్రంలో అభ్యాసం చేత శరీరానికి ఒదిగిన ఆహారవిహారాలను ఓకసాత్మ్యం అంటారు. ఇంత దగ్గరి మాట మరొకటి లేదు.

రెండు చక్కెరలు కలిపి ఇస్తే ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు 1941లో జాక్ మోనో బాక్టీరియాలతో ప్రయోగం చేసి సమాధానం చెప్పాడు. అవి మొదట ఇష్టమైన చక్కెరను తిని పెరుగుతాయి. అది అయిపోగానే పెరుగుదల ఆగుతుంది. కొంతసేపటికి రెండవ చక్కెరతో మళ్లీ మొదలవుతుంది. ఈస్టులోనూ ఇటువంటి ప్రవర్తనే కనిపిస్తుంది. దానికి అన్నింటికంటె ప్రీతి గ్లూకోజు. గ్లూకోజు సమృద్ధిగా ఉన్నంత సేపూ తక్కిన చక్కెరలకు సంబంధించిన జన్యువులు మూసి ఉంటాయి.

గాలక్టోజు విషయంలో ఈ ఏర్పాటు ఎంత చక్కనిదో చూడండి. గాల్-4 అనే ప్రోటీను జన్యువు వద్ద దీపం స్విచ్చు వలె సిద్ధంగా ఉంటుంది. గాల్-80 అనే మరొక ప్రోటీను దానిని అదిమిపట్టి ఉంచుతుంది. గాలక్టోజు కణంలో ప్రవేశించగానే గాల్-3 అనే మూడవ ప్రోటీను ఆ చక్కెరను గుర్తించి, గాల్-80 పట్టును సడలిస్తుంది. అప్పుడు ఆ చక్కెరను జీర్ణించే ఎంజైముల ఉత్పత్తి సుమారు వేయిరెట్లు పెరుగుతుంది. మన దేశంలో ఈ విషయం మీద చిరకాలం కృషి చేసిన బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు పి.జె. భట్ 2008లో దీనిపై ఒక సమగ్ర గ్రంథమే వెలువరించారు.

గాల్-3 పని చేయడానికి ఏ.టి.పి. అనే శక్తిపదార్థం కూడా అవసరం. ఆ ఏ.టి.పి. ఉనికిని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్క్, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు వేర్వేరుగా వెల్లడించారు. భీమవరంలో జన్మించిన సుబ్బారావుగారు అమెరికా వెళ్లడానికి ముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. ఆయుర్వేద పాఠకులకు ఇది గర్వకారణం.

ఈస్టు జన్యువులన్నింటి పటం 1996లో పూర్తయింది. వాటి సంఖ్య సుమారు 6,000. మరుసటి సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డెరిసి, విశ్వనాథ్ అయ్యర్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు ఈస్టుకు గ్లూకోజు తరిగిపోతున్న వేళ ఏ జన్యువులు మేలుకొంటాయో, ఏవి నిద్రిస్తాయో ఒకేసారి పరిశీలించారు. సుమారు 700 జన్యువుల పని రెట్టింపునకు మించి పెరిగింది. సుమారు 1,000 జన్యువుల పని సగానికి మించి తగ్గింది. ఆహారం మారడమంటే ఆ చిన్న కణానికి ఇల్లంతా సర్దుకోవడమే.

కుండలో జరిగే క్రమం

ఇప్పుడు మన అరిష్టపు కుండకు వద్దాం. ఎండిన పువ్వు మీద ఉన్న ఈస్టు గాఢమైన బెల్లపు నీటిలో పడుతుంది. ఆ గాఢత కణంలోని నీటిని బయటకు లాగుతుంది. దానిని తట్టుకోవడానికి ఈస్టు తనలో గ్లిజరాలును కూడబెట్టుకోవాలి. ఆ పిదప సంఖ్య పెంచుకోవాలి. నాలుగు రోజుల మౌనానికి ప్రధాన కారణాలు ఇవే. చక్కెర మార్పుకు అలవాటు పడటానికి ఈస్టుకు పట్టేది సాధారణంగా గంటలే గాని రోజులు కాదు. చిన్ననాడు నేను అదనంగా వేసిన బెల్లం ఆ గాఢతను మరింత పెంచింది. మూత తీయడం గాలికి దారి ఇచ్చింది. నాయన చెప్పిన అజీర్ణం అక్షరాలా నిజమైంది.

మేల్కొన్న ఈస్టు మొదట విడిగా ఉన్న గ్లూకోజును తింటుంది. దాని మోతాదు తగ్గేకొద్దీ ఇన్వర్టేజు అనే ఎంజైమును అధికంగా తయారుచేసి కణం వెలుపలి పొరలోకి పంపుతుంది. ఆ ఎంజైము సుక్రోజు జంటను అక్కడే విడదీస్తుంది. విడిపోయిన వాటిలో గ్లూకోజు త్వరగా లోనికి పోతుంది, ఫ్రక్టోజు వెనుకబడుతుంది. చక్కెర మెండుగా ఉన్నప్పుడు ఒక రకం ద్వారాలు, కొరవడినప్పుడు మరొక రకం ద్వారాలు కణం తెరచుకుంటుంది.

ఈలోగా మద్యం పెరుగుతుంది, పులుపు పెరుగుతుంది, ఈస్టుకు కావలసిన నత్రజని పోషకాలు తరిగిపోతాయి. చక్కెర మిగిలి ఉండగానే ఈస్టు అలసి ఆగిపోతుంది. అలా మిగిలినదానిలో ఫ్రక్టోజు పాలు ఎక్కువ. అది గ్లూకోజు కంటె తియ్యనిది. నాలుకకు తగిలే ఆ తీపి ఇదే!

మూత సరిగా లేక గాలి చొరబడితే ఈస్టు మరొక ఆహారానికి మారుతుంది. తాను చేసిన మద్యాన్నే తినడం ప్రారంభిస్తుంది. దానితోపాటు వేరే బాక్టీరియాలు చేరి మద్యాన్ని పులిసిన శుక్తంగా మారుస్తాయి. సంధిబంధనాన్ని గురించి పూర్వులు అంత పట్టుదల వహించడానికి కారణం ఇదే.

లెక్క వేసి చూద్దాం

మా ఇంటి కొలత 12 లీటర్ల కషాయానికి 5 కిలోల బెల్లం. కలిపిన తరువాత సుమారు 15 లీటర్లవుతుంది. మంచి బెల్లంలో చక్కెరలు 80 శాతమనుకుంటే 4 కిలోలు, అంటే లీటరుకు సుమారు 265 గ్రాములు. అరిష్టాలలో స్వయంగా పుట్టే మద్యం సాధారణంగా 5 నుండి 10 శాతం. 8 శాతమనుకుంటే లీటరుకు 63 గ్రాముల మద్యం. నూరు గ్రాముల చక్కెర నుండి 50 గ్రాములకు కొంచెం తక్కువగానే మద్యం వస్తుంది గనుక దానికి ఖర్చయిన చక్కెర సుమారు 130 గ్రాములు. అంటే సగం బెల్లం అలాగే ఉన్నది!

మా అక్క రోజుకు 120 మిల్లీలీటర్లు సేవించింది. అందులో సుమారు 16 గ్రాముల చక్కెర, అంటే నాలుగు చెంచాలు. దశమూలారిష్టంలో ద్రాక్ష, తేనె కూడా పడతాయి గనుక ఇంకా ఎక్కువే ఉండవచ్చు. ద్రవాన్ని రెట్టింపుగా గ్రహించే సంప్రదాయంలో చేసినవారి అరిష్టంలో ఇంతకంటె తక్కువ మిగలవచ్చు. కాని "ఏమీ మిగలదు" అన్న నా మాట మాత్రం ముమ్మాటికీ తప్పు. ఆమె రక్తంలో చక్కెర పెరగడానికి అంతటికీ అరిష్టమే కారణమని నేననను. అయితే చక్కెర లేదన్న ధీమా నేనిచ్చినదే కదా!

నిత్యజీవితంలో ఇదే ధర్మం

తాటి, ఈత చెట్ల తాజా రసంలో ఉండేది ప్రధానంగా సుక్రోజే. దించిన కొద్ది గంటలకే అది నురుగెత్తి కల్లు కావడానికి ఇన్వర్టేజే తోడ్పడుతుంది. బేకరీలలో చక్కెర వేయని పిండిలో ఈస్టు ముందుగా పిండిలోని స్వల్ప గ్లూకోజును తిని, కొంచెం ఆగి, ఆ పిదప మాల్టోజుకు మారుతుంది. చక్కెర మితంగా కలిపితే పిండి త్వరగా పొంగడం అందుకే. అమితంగా కలిపితే గాఢత వలన మందగిస్తుంది. ఇడ్లీ పిండి పులవడంలో మాత్రం బాక్టీరియాలదే ప్రధాన పాత్ర.

ఒకమారు ఒక చక్కెరకు అలవాటు పడిన ఈస్టు కొంతకాలం తరువాత మళ్లీ అదే చక్కెర ఎదురైతే త్వరగా సర్దుకుంటుందని కూడా పరిశోధకులు గమనించారు. చరకాచార్యులు అహితమైన అలవాటును ఒక్కసారిగా గాక పాదం పాదంగా విడిచి, హితమైనదానిని అదే క్రమంలో అలవరచుకోవాలని ఉపదేశించారు. ఈస్టు కణం మనిషి శరీరం కాదు. ఒకటి మరొకదానికి నిరూపణ కాజాలదు. అయినా ఆహారం మార్చుకోవడానికి ప్రాణికి వ్యవధి కావాలన్న తత్త్వం రెండుచోట్లా కనిపిస్తుంది.

పాఠకులకు సూచనలు

1. మధుమేహ రోగులు ఆసవారిష్టాలను "చక్కెర లేని మందు"గా భావించరాదు. వైద్యునికి తమ వ్యాధి తెలిపి, ఆ ఔషధాన్ని కషాయ, చూర్ణ లేక వటి రూపంలో కోరవలెను.

2. అరిష్టాలు వాడుచున్న విషయాన్ని చికిత్స చేసే డాక్టరుగారి వద్ద దాచరాదు. వారిచ్చిన మందులను స్వయంగా మానరాదు.

3. వీటిలో మద్యం సహజంగా ఉండును. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, మద్యంతో పడని మందులు వాడేవారు వైద్యుని అనుమతి లేనిదే సేవించరాదు.

4. సాధారణ మోతాదు 15 నుండి 30 మిల్లీలీటర్లు, సమానంగా నీరు కలిపి, భోజనానంతరం. రుచిగా ఉన్నదని పెంచరాదు.

5. సంధానం చేసే వైద్యులు కషాయం పూర్తిగా చల్లారిన పిదపనే పుష్పాలు కలుపవలెను. వేడి కషాయంలో ఈస్టు నశించును. శబ్దం రాలేదని మూత తీసి బెల్లం వేయరాదు.

6. పుల్లని ఘాటు వాసన వచ్చినా, బూజు పట్టినా ఆ కుండను విడిచివేయవలెను.

అక్కకు అరిష్టం మాన్పించి, బెల్లం లేని దశమూల కషాయం ఇచ్చాను. డాక్టరుగారి మందులు యథావిధిగా వాడింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె మితంగా తిన్నది. తరువాతి పరీక్షలో చక్కెర తగ్గింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఒకసారి చెప్పి తిన్న దెబ్బ చాలు.

మొన్న నంద్యాల వెళ్లినప్పుడు ఒక కొత్త లేహ్యం అక్క చేతికిచ్చాను. ఆమె దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏముందో కనుక్కొనే తెస్తివా, ఊరికే చెబుతున్నావా?" అని నవ్వింది. బెల్లం ఎంత పడిందో తూకంతో సహా చెప్పాను. ఆమె నాలుక చివర పెట్టుకుని రుచి చూసి, మూత బిగించి, "ఇది నాకొద్దులే, మీ బావకియ్యి" అన్నది. ఈసారి నేను మారుమాట పలుకలేదు.